మందు తుంపర – మన ఊపిరి

పులివెందుల చీనీ తోటల్లో, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పత్తి చేలల్లో మందు కొట్టే సోదరులకు మేము చెప్పేదేమంటే, 1 మిల్లీమీటరు చుక్క 10 మైక్రాన్ల తుంపరగా చీలితే 10 లక్షల చుక్కలవుతాయి. మొత్తం ఉపరితలం 100 రెట్లవుతుంది. నీరు త్వరగా ఆవిరై మందు చిక్కబడుతుంది. ఇలాంటి సూక్ష్మ బిందువుల్లో కొన్ని రసాయన చర్యలు సీసాలోకన్నా ఎన్నో రెట్లు వేగంగా జరుగుతాయని స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త రిచర్డ్ జేర్ బృందం చూపింది.

సన్నని తుంపర ఆకుకు బాగా పడుతుంది; పీలిస్తే శ్వాసనాళాల్లోకీ పోతుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాలకు అవసరమైన కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి.

గాలికి ఎదురుగా కొట్టకండి. మాస్కు, చేతి తొడుగులు వాడండి. పని కాగానే సబ్బుతో స్నానం చేయండి. చొంగ, విపరీతమైన చెమట, చూపు మసకబారడం, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయక, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి రండి.