శూన్యపు టిక్కెట్టు: లెక్క యెవరి చేతిలో?

తెలుగు నాట నేడు దినదినమును లక్షలకొలది స్త్రీలు రూపాయి చెల్లింపకయే బస్సులలో ప్రయాణము చేయుచున్నారు. తెలంగాణమున ఈ సౌకర్యము 2023 డిసెంబరు 9వ తేదీన మహాలక్ష్మి యను పేరను, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీన స్త్రీశక్తి యను పేరను ఆరంభమైనది. ఈ పథకము మంచిదా, చెడ్డదా యను వాదము మా కిచ్చట ప్రస్తుతము గాదు. పథకము నడచుచున్నది, దానివలన కూలికి బోవు స్త్రీ, కళాశాలకు బోవు బాలిక లాభము పొందుచున్న మాటయు సత్యము. మేము విచారింపబూనినది ఆ పథకమునకు ఆధారమైన యొక చిన్న వస్తువును గూర్చి. అది కండక్టరు చేతిలోని టిక్కెట్టు యంత్రము. దాని నుండి వెలువడు సున్న రూపాయల టిక్కెట్టే ప్రభుత్వ ఖజానా నుండి రోడ్డు రవాణా సంస్థకు రావలసిన సొమ్మునకు ఆధారపత్రము. ఆ లెక్క సత్యమని నిర్ణయించువా రెవరు? దానివలన ప్రయాణికునకు కలుగు మేలేమి? అది యెవరి స్వాధీనమున నున్నది? ఈ మూడు ప్రశ్నలకు సరియైన సమాధానము లభింపనంతకాలము, సంస్థ ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని యంత్రములు కొన్నను ప్రజల కొరిగెడి దల్పమని మా దృఢాభిప్రాయము.

కాగితపు టిక్కెట్ల కాలము

ఈ సంస్థ నిన్న మొన్న పుట్టినది కాదు. 1932 జూన్ నెలలో నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖ క్రింద 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను ఆరంభమై, 1951లో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము చేతికి వచ్చి, 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందినది. 2014లో రాష్ట్రము విభక్తము కాగా ఆ యొక్కటి రెండైనది. ఆంధ్రప్రదేశమున 2020 జనవరి 1 మొదలు సంస్థ యుద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి. పేర్లు మారినవి, యజమానులు మారిరి. కాని గ్రామమునకు పట్టణముతో గల సంబంధము నేటికిని ఆ ఎఱ్ఱబస్సు మీదనే యాధారపడి యున్నది.

పూర్వము కండక్టరు ధరవారీగా టిక్కెట్ల కట్టలను ట్రేలో పేర్చుకొని బయలుదేరెడివాడు. ప్రతి స్టేజీ కడను అప్పటివరకు చెల్లిన టిక్కెట్ల వరుససంఖ్యలను పట్టీలో వ్రాయవలెను. త్రోవలో తనిఖీవారు బస్సెక్కినచో ఆ పట్టీని, ప్రయాణికుల చేతిలోని టిక్కెట్లను పోల్చి చూచెడివారు. ఆ పద్ధతి నెమ్మదిది, శ్రమతో గూడినది, మోసమునకు అతీతమైనదియు గాదు. అయినను దానియం దొక గుణము గలదు. తనిఖీ చేయువాడును, చేయబడువాడును ఒకే కాగితమును చదువగలిగిరి. లెక్క అందఱ కంటికిని కనబడునదై యుండెను.

టిక్కెట్టు యంత్రము వచ్చుటతో ఎన్నియో చిక్కులు తొలగినవి. స్టేజీ, ఛార్జీ యంత్రమే చెప్పును. డిపోలో గుమాస్తాలు ప్రొద్దు వ్రాలువరకు కూడికలు వేయవలసిన పని తగ్గినది. చిల్లర లేక టిక్కెట్టు వెనుక బాకీ వ్రాసి యిచ్చుట, దిగునపుడు ఇద్దఱు ప్రయాణికులను జతచేసి ఒక నోటు చేతికిచ్చి పంపుట యెల్లరు నెఱిగిన బాధయే గదా! క్రొత్త యంత్రములలో ఫోను ద్వారా సొమ్ము చెల్లించు వసతి యుండుటచే అదియు కొంత శమించినది. ఈ మేలును మేము కాదనము. కాని ఇల్లు అలుకగనే పండుగ కాదు.

జేబు కాపలా లేని లెక్క

రొక్కపు టిక్కెట్టునకు కాపలాదారుడు ప్రయాణికుడే. అతడు పది మైళ్లు పోవలసియుండగా కండక్టరు పదునైదు మైళ్లకు టిక్కెట్టు కొట్టినచో వెంటనే జగడమాడును. టిక్కెట్టీయక సొమ్ము పుచ్చుకొన్నచో తనిఖీ భయముచే తానే టిక్కెట్టు అడిగి పుచ్చుకొనును. తన జేబులోని సొమ్ము పోవుచున్నది గనుక అతని కన్ను లెక్క మీద నుండును. శూన్యపు టిక్కెట్టునకు ఈ కాపలా లేదు. చేతిలో పడిన కాగితముపై ఏ యూరు అచ్చైనదో చూడవలసిన యవసర మా స్త్రీకి లేదు. అది ఆమె దోషము కాదు. పద్ధతి యందలి లోపము.

దీనివలన పొరపాటు రెండు వైపులను జరుగవచ్చును. దిగవలసిన చోటు దాటి దూరపు స్టేజీకి టిక్కెట్టు పడినచో ఖజానాకు నష్టము. సంతనాడు కిక్కిరిసిన బస్సులో కండక్టరు అందఱికిని టిక్కెట్లు కొట్టలేకపోయినచో సంస్థకు నష్టము. ఇందు ఎవరి నీతిని మేము శంకించుట లేదు. కాని లెక్క అధికమైనను, న్యూనమైనను ఆక్షేపించువాడు బస్సులో నొక్కడును లేడనుట స్పష్టము. ఢిల్లీలో 2019 అక్టోబరు 29న గులాబి టిక్కెట్లు ప్రవేశపెట్టినపుడు ఒక్కొక్క టిక్కెట్టునకు 10 రూపాయల చొప్పున ప్రభుత్వము చెల్లించునట్లు ఏర్పాటు చేసిరి. అచట లెక్కింపవలసినది టిక్కెట్ల సంఖ్య మాత్రమే. తెలంగాణమున ప్రయాణము చేసిన దూరమును బట్టి ఛార్జీ కట్టి చెల్లింపవలెనని నిర్ణయము. ఇది న్యాయమైన పద్ధతియే. కాని సంఖ్యతోపాటు దూరమును గూడ నిజముగా నమోదు చేయవలసిన భారము దీనియందు గలదు.

సొమ్మేమైన స్వల్పమా? 2025 జూలై నాటికి మహాలక్ష్మి క్రింద 200 కోట్ల ప్రయాణములు జరిగెననియు, వాని విలువ 6,680 కోట్ల రూపాయలనియు తెలంగాణ ప్రభుత్వము ప్రకటించినది. సగటున ప్రయాణమునకు 33 రూపాయలు. ఆ సగటు ఒక్క రూపాయి అటో ఇటో అయినచో 200 కోట్ల రూపాయల తేడా. ఆ సొమ్ము దుకాణములో సబ్బుబిళ్ల కొని పన్ను చెల్లించు పేదరాలిది. ఖజానా ఆ సొమ్మును సకాలమున చెల్లింపనిచో సంస్థ డీసెలునకును, టైర్లకును అప్పు చేయవలసి వచ్చును. అప్పు పెరిగినచో మొట్టమొదట నిలిచిపోవునది రాజధానుల నడుమ తిరుగు చల్లని బస్సు కాదు. చెఱువుగట్టు మీదుగా మారుమూల పల్లెకు పోవు పల్లెవెలుగు బస్సు.

కావున లెక్కకు వెలుపలి సాక్షి కావలెను. ప్రతి డిపోలోను చీటివేసి కొన్ని సర్వీసులను ఎంచి, ఎక్కిన వారిని, దిగిన వారిని మనుషులచే లెక్కించి, యంత్రపు లెక్కతో పోల్చిచూడవలెను. ఈ పని సంస్థకుగాని, సొమ్ము చెల్లించు శాఖకుగాని విడువరాదు. కాగ్ కార్యాలయమో, విశ్వవిద్యాలయమో చేయవచ్చును. ఫలితమును డిపోవారీగా నెలనెలయు పత్రికలకు తెలుపవలెను. యంత్రము మొరాయించినపుడు, కొండత్రోవలలో సంకేతము అందనపుడు ఏమి చేయవలెనో ముందే నిర్ణయించి, కాగితపు టిక్కెట్లను సిద్ధముగా నుంచవలెను. యంత్రదోషమునకు కండక్టరును దండించుట అన్యాయము.

ప్రయాణికున కేమి మిగిలినది?

ఇక రెండవ ప్రశ్న. ఏ సర్వీసున, ఏ ట్రిప్పున, ఏ స్టేజీ నుండి ఏ స్టేజీకి ఎందఱు పోవుచున్నారో యంత్రము దినదినమును చెప్పుచునే యున్నది. ఏబది మంది కూర్చుండు బస్సులో తొంబది మంది నిలిచి, వ్రేలాడి పోవుచున్నచో ఆ సంగతి డిపోకు రాత్రికే తెలియును. తెలిసియు మఱునాడు అదే బస్సు, అదే వేళకు, అదే రద్దీతో బయలుదేరినచో ఆ లెక్క దేనికొఱకు? సొమ్ము రాబట్టుటకు మాత్రమే లెక్కయైనచో అది వడ్డీవ్యాపారి పద్దు. బస్సు వేయుటకు గూడ ఉపకరించినపుడే అది ప్రజాసంస్థ పద్దు.

బస్సు ఎచ్చట నున్నదో తెలుపు సాధనము గూడ క్రొత్తది కాదు. 2019 జనవరి 1 మొదలు క్రొత్తగా రిజిస్టరగు ప్రజారవాణా వాహనములకు ఉనికిని తెలుపు పరికర ముండవలెనని కేంద్రప్రభుత్వము విధించినది. తెలంగాణ సంస్థ 2023లో గమ్యమను ఫోను సాధనమును ప్రజల కందించినది. ఇది ప్రశంసనీయము. కాని రావిచెట్టు క్రింద మూటతో నిలిచియున్న ముదుసలికి అట్టి ఫోను లేదు. మండల కేంద్రపు బస్టాండులో బస్సుల రాకను తెలుగున చూపు పలక నొకదానిని వ్రేలాడదీసినచో ఆమెకు గంటసేపు ఎండ తప్పును. ఢిల్లీ ప్రభుత్వము 2018లో అచటి ట్రిపుల్ ఐటీ విద్యాసంస్థ తోడ్పాటుతో బస్సుల వేళలను, ఉనికిని తెలుపు సమాచారమును ఎవరైనను ఉపయోగించుకొనుటకు వీలుగా బహిరంగపఱచినది. మన సంస్థలు గూడ అట్లు చేసినచో మన విద్యార్థులే పల్లెకు తగిన సాధనములను కల్పింతురు.

పుస్తకము ఎవరిదో పెత్తనము వారిది

మూడవది స్వామ్యము. 1984లో తీసివేయబడువరకు గ్రామమున కరణముల పెత్తన మెట్టిదో వృద్ధులు మఱచియుండరు. భూమి రైతుది, శిస్తు సర్కారుది. కాని అడంగలు కరణము పెట్టెలో నుండుటచే ఉభయులును అతని గుమ్మము కడ నిలువవలసి వచ్చెడిది. నేడు యంత్రములు ఒక కంట్రాక్టరువి, ప్రోగ్రాములు మఱియొకనివి, లెక్కలు దాచు స్థలము వేఱొకనిదియైనచో, సంస్థ గతి ఆనాటి రైతు గతియే. కంట్రాక్టు గడువు తీరిన నాడు, పాత లెక్కలు కావలెనన్నను, ఒక్క ఛార్జీ మార్చవలెనన్నను, ఆ కంట్రాక్టరు అడిగిన ధర యీయక తప్పదు.

ఒక్కసారిగా సమస్తమును మార్చివేయుదమను అత్యాశయు ప్రమాదకరమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు మోటారు వాహనముల శాఖ తన లైసెన్సుల, రిజిస్ట్రేషనుల పట్టికల నెల్ల క్రొత్త కంప్యూటరు పద్ధతిలోనికి మార్చబూని, 1987లో ఆరంభించిన పనిని, 4 కోట్ల డాలర్లకు పైగా వ్యయమైన పిమ్మట, 1994లో ఫలితము లేకయే విడిచిపెట్టినది. ధనము కొఱవడి కాదు, విద్య కొఱవడి కాదు. తన పని తాను తెలిసికొని, కొంచెము కొంచెముగా మార్చుకొనువారికే యంత్రము లొంగును.

మన దేశముననే ప్రభుత్వసంస్థయైన ఎన్.ఐ.సి. వాహనముల రిజిస్ట్రేషనుకు వాహన్, లైసెన్సులకు సారథి అను పద్ధతులను నిర్మించినది. ప్రపంచమందలి గొప్ప వర్తక సంస్థలకు ప్రోగ్రాములు వ్రాసి పెట్టు యువకులు తెలుగు నాట వేలకొలది యుండగా, మన బస్సుల లెక్కకు మనము పరాధీనులము కానేల? కంట్రాక్టరులు వలదని మేము చెప్పుట లేదు. లెక్కలు సంస్థవే యని, ప్రోగ్రాముల మూలప్రతి సంస్థకు అప్పగింపవలెనని కంట్రాక్టులో స్పష్టముగా వ్రాయించుకొనుడు. దానిని చదివి దిద్దగల ఇంజనీర్లను సంస్థలోనే నియమించుడు.

ఇంకొక హెచ్చరిక. స్త్రీలకు ప్రత్యేక కార్డులీయవలెనను మాట కర్ణాటకమున 2023లో శక్తి పథకము పుట్టినపుడే వినవచ్చినది, మనకడను వినవచ్చుచున్నది. కార్డు నొక్కిన ప్రతిసారియు ఫలానా స్త్రీ ఫలానా వేళ ఫలానా యూరికి పోయెనను వ్రాత నిలిచిపోవును. వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో చట్టము చేసియే యున్నది. టిక్కెట్లను లెక్కించుటకు పేరు అక్కఱలేదు. పేరు వ్రాయకయే లెక్కించు మార్గముండగా, స్త్రీల రాకపోకల చిట్టాను ఏ ప్రభుత్వమును పెట్టుకొనరాదు.

రెండు రాష్ట్రముల ప్రభుత్వములను మేము కోరునది స్వల్పము. లెక్కను సాక్షిచే పరీక్షింపుడు. ఆ లెక్కను బట్టి బస్సులు వేయుడు. ఆ పుస్తకమును ప్రజల సంస్థ చేతిలోనే నిలుపుడు. ఇవి చేసిననాడు శూన్యపు టిక్కెట్టునకు నిండైన విలువ గలుగును. చేయనినాడు ఖజానా నుండి సొమ్ము పోవుచునే యుండును; పల్లెకు బస్సు మాత్రము రాదు.