‘కాంటెక్స్చువల్’కు తెలుగు

ఆంగ్ల విమర్శను తెలుగు చేసేవారికి అడుగడుగునా తగిలే విశేషణం ‘కాంటెక్స్చువల్’. దీనికి మనవారు సామాన్యంగా ‘సందర్భోచితం’ అని వ్రాస్తారు. అది సరికాదు. ఔచిత్యం మెప్పుకోలు మాట. ఆంగ్లపదంలో మెప్పూ లేదు, తెగడ్తా లేదు. ఒక మాటకు దాని ముందువెనుకల మాటలతోను, అది పుట్టిన దేశకాలాలతోను గల సంబంధాన్ని మాత్రమే అది చెబుతుంది. నిండుసభలో పలికిన నిందావాక్యానికి కూడా సందర్భం వల్ల తేలే అర్థం ఒకటి ఉంటుంది. ఆ వాక్యం సందర్భోచితం కానక్కరలేదు.

ఢిల్లీలో అనువాదం చేసే తెలుగువానికి మరొక చిక్కు కలదు. ఇక్కడ హిందీ ‘ప్రాసంగిక్’ నిత్యం చెవిని పడుతూ ఉంటుంది. నేటికీ వర్తించేది అని దాని అర్థం. దానినే యథాతథంగా దించి “గాంధీజీ భావాలు నేటికీ ప్రాసంగికాలు” అని వ్రాస్తే ఏమవుతుంది? ధనంజయుని దశరూపకం ఇతివృత్తాన్ని ఆధికారికం, ప్రాసంగికం అని విభజించింది. రామకథలో సుగ్రీవ వృత్తాంతం ప్రాసంగికం, అనగా ప్రధానకథకు తోడైనది. అలంకారశాస్త్రం తెలిసినవానికి గాంధీజీ భావాలు అప్రధానాలన్నట్లు తోస్తుంది. తెలియనివానికి ఏదో ప్రసంగం స్ఫురిస్తుంది. హిందీలో నవల అయిన ‘ఉపన్యాస్’ మన ఉపన్యాసం కానట్లే ఇదీను.

నిజానికి మన ‘సందర్భం’ ఆంగ్లపదానికి చాల దగ్గరి చుట్టం. లాటిన్ మూలానికి కలిపి నేయడమని అర్థం. సందర్భానికి మూలమైన సంస్కృత ధాతువుకు కూర్చడం, గ్రుచ్చడం అని. ఒకటి మగ్గం, ఒకటి పూలదండ. వస్తువు కూడా మనకు కొత్తది కాదు. “సైంధవం తెమ్ము” అంటే భోజనవేళ ఉప్పు, ప్రయాణవేళ గుఱ్ఱం అని శాస్త్రకారులు చెప్పే ఉదాహరణ ప్రసిద్ధమే. అర్థనిర్ణయ హేతువులను చెబుతూ భర్తృహరి వాక్యపదీయంలో ప్రకరణాన్ని పేర్కొన్నాడు.

కాబట్టి పారిభాషిక రచనలో ‘సాందర్భికం’ అనవచ్చును. కొంత బరువైన మాటే, కాని అర్థం తప్పదు. తక్కిన చోట్ల విశేషణమే విడిచిపెట్టడం మేలని నా అభిప్రాయం. “ఈ పదానికి అర్థం సాందర్భికం” అనడం కంటె “ఈ పదానికి అర్థం సందర్భాన్ని బట్టి ఉంటుంది” అనడం తెలుగు. ‘కాంటెక్స్చువల్ రీడింగ్’ అంటే కృతిని దాని దేశకాలాలలో నిలిపి చదవడం. సమాజశాస్త్రంలోని ‘కాంటెక్స్చువల్ ఫాక్టర్స్’కు ‘చుట్టుపట్ల పరిస్థితులు’ చాలును. మన పాఠశాలల ప్రశ్నపత్రాలు ‘సందర్భసహిత వ్యాఖ్య’ అని అడుగుతూ వచ్చాయి: ఈ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారని.