నంబరు వెంట వస్తుంది, అడ్రసు రాదు

సంచికకి వ్యాసం అడుగుతూ కమిటీవాళ్ళు, "మన వ్యాపారస్తులకి ఇంటర్నెట్ ఫోన్ల గురించి నాలుగు ముక్కలు చెప్పండి, మీ ఉద్యోగమే అది కదా" అన్నారు. కొన్నేళ్ళ కిందటైతే నెలకి ఖర్చు ఎంత తగ్గుతుందో రాసి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు అలా రాయడానికి మనసొప్పదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ ఫోను లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి.

పాత ఫోనుకి మీ షాపు గోడ నుంచి కంపెనీ ఎక్స్ఛేంజి దాకా ఒక జత రాగి తీగలుండేవి. మాటతో పాటు ఫోనుకి కావలసిన కరెంటూ ఆ తీగల్లోనే వచ్చేది. వీధి మొత్తం చీకటైనా ఫోను మోగేది అందుకే. ఇంటర్నెట్ ఫోను అలా కాదు. మీ గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, సెకనుకి 50 పొట్లాల చొప్పున పంపిస్తుంది. అవతలివైపు వాటిని విప్పి మళ్ళీ గొంతుగా మారుస్తారు. ఒక కాల్‌కి ఒక్కోవైపు సెకనుకి 100 కిలోబిట్లు కూడా పట్టదు కాబట్టి, ఫోన్ల కోసం పెద్ద ఇంటర్నెట్ ప్లాను కొనక్కర్లేదు. పొట్లాలు సమానమైన ఎడంతో చేరడమే ముఖ్యం. వెనకగదిలో కెమెరాల వీడియో పైకి ఎక్కుతుంటే అవి ఆగి ఆగి వస్తాయి, మాట తెగిపోతుంది. రౌటర్లో ఫోన్లకి ముందు దారి ఇచ్చేలా సెట్ చేయించండి. మీ మాట వాళ్ళకి వినపడి వాళ్ళ మాట మీకు వినపడకపోతే, రౌటర్లో 'సిప్ ఏఎల్‌జీ' అనే సెట్టింగు ఉందేమో చూసి ఆపించండి. కరెంటు పోతే ఈ ఫోన్లు మోగవు కాబట్టి, రౌటర్‌నీ ఫోన్లనీ చిన్న యూపీఎస్ మీద పెట్టండి.

ఇక అసలు సంగతి. ఈ ఫోనుని గోడకి తగిలించగానే అది కంపెనీ సర్వర్ దగ్గరికి వెళ్ళి, "నేను ఫలానా నంబరుని, ఇక్కడున్నాను" అని నమోదు చేసుకుంటుంది. ఆ 'ఇక్కడ' అంటే ఇంటర్నెట్‌లోని చోటు. ఏ ఊరు, ఏ వీధి అన్నది దానికి పట్టదు. ఫోను విప్పి డాలస్‌లో పెట్టినా డెట్రాయిట్‌లో పెట్టినా అదే నంబరుతో మోగుతుంది. మనందరికీ నచ్చే సౌకర్యం అదే. నాకు దెబ్బ తగిలిందీ అక్కడే.

నన్ను అన్నా అని పిలిచే ఒక తమ్ముడికి టెక్సస్‌లోని అర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ ఉండేది, పక్కనే టిఫిన్ల కౌంటరు. ఫోన్లన్నీ నేనే పెట్టాను. షాపు ఫ్రిస్కోకి మారినప్పుడు ఆదివారం పొద్దున్నే వెళ్ళి నాలుగు ఫోన్లూ విప్పి, కొత్త చోట తగిలించి, పది నిమిషాల్లో మోగించాను. నంబరు మారలేదు, కస్టమర్లకి తేడా తెలియలేదు. అందరూ మెచ్చుకున్నారు. నాకూ తృప్తిగా అనిపించింది.

మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం, కూతురింటికి ఇండియా నుంచి వచ్చిన పెద్దావిడ బియ్యం బస్తాల దగ్గర కూలబడిపోయింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి పనిలో చేరి వారమే. చేతికందిన డెస్కు ఫోనులో 911 నొక్కింది. ఆ కాల్ వెళ్ళింది అర్వింగ్‌కి. ఆపరేటరు తెర మీద కనిపిస్తున్న అడ్రసు చదివి, అదేనా అని అడిగింది. కంగారులో షాపు పేరు ఒక్కటే చెవిన పడి, ఆ అమ్మాయి అవునంది. ఫైరింజను వెళ్ళి మూతపడి ఉన్న పాత షాపు ముందు ఆగింది. ఇక్కడ అందరూ సైరన్ కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డారు. ఎంతకీ రాకపోయేసరికి ఎవరో కస్టమరు తన సెల్ నుంచి మళ్ళీ చేస్తే అప్పుడొచ్చారు. షుగరు పడిపోయిందట. దేవుడి దయవల్ల ఆవిడ కోలుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కంపెనీ వెబ్‌సైటులో ఎమర్జెన్సీ అడ్రసు అనే గడి ఉంటుంది. అది మార్చాల్సింది నేను. మార్చలేదు.

రాగి తీగల కాలంలో నంబరుకీ అడ్రసుకీ ముడి కంపెనీయే వేసేది. ఇంటర్నెట్ ఫోనులో ఆ ముడి మనం వేసుకోవాలి. మీరు నమోదు చేసిన అడ్రసుని బట్టే ఏ ఊరి 911 కేంద్రానికి కాల్ వెళ్ళాలో తేలుతుంది. 2005లో ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) పెట్టిన నిబంధన ప్రకారం, కంపెనీ సర్వీసు మొదలుపెట్టే ముందు ఆ అడ్రసు అడగాలి, తర్వాత మార్చుకునే వీలూ ఇవ్వాలి. మనం చోటు మారిన సంగతి మాత్రం మనమే చెప్పాలి. బిల్లింగ్ అడ్రసు మార్చాం కదా అనుకోకండి, అది వేరే గడి. సూట్ నంబరు, అంతస్తు కూడా రాయండి. పెద్ద ఆఫీసు భవనంలో వీధి పేరు ఒక్కటే ఉంటే, అంబులెన్సు వచ్చి కింద లాబీలోనే ఆగిపోతుంది.

మోటెళ్ళు, క్లినిక్కులు నడిపే మనవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2013 డిసెంబరులో మన టెక్సస్‌లోనే, మార్షల్ అనే ఊళ్ళో, ఒక మోటెల్ గదిలో కారీ హంట్ అనే తల్లి హత్యకు గురైంది. తొమ్మిదేళ్ళ కూతురు 911కి నాలుగుసార్లు చేసింది. బయటి లైనుకి ముందు 9 నొక్కాలని ఆ పసిదానికి ఏం తెలుసు? ఆ తల్లి పేరుతోనే 'కారీస్ లా' వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత పెట్టిన వ్యాపార ఫోన్లన్నింటిలో ముందు ఏ అంకే లేకుండా నేరుగా 911 కలవాలి. ఎవరైనా చేసినప్పుడు ముందు డెస్కుకో, మేనేజరుకో ఆ కబురు అందేలా కూడా చూడాలి. అన్నట్టు, అమెరికాలో మొదటి 911 కాల్ అలబామాలోని హేలీవిల్‌లో మోగిందీ అదే తేదీన, 1968 ఫిబ్రవరి 16న.

అడ్రసు సరిగ్గా ఉందో లేదో చూడటానికి 911కే చేసి వాళ్ళ పనికి అడ్డం పడకండి. చాలా కంపెనీల్లో 933 నొక్కితే మీ నంబరుకి నమోదైన అడ్రసు చదివి వినిపిస్తుంది. మీ కంపెనీలో ఆ సదుపాయం ఉందేమో కనుక్కోండి. ప్రతి ఫోను నుంచీ విడివిడిగా చేసి చూడండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ లాప్‌టాప్‌లో ఫోను యాప్ ఉంటే, దాని అడ్రసు వాళ్ళ ఇల్లే కావాలి. హైదరాబాదులో కూర్చుని మీ అమెరికా నంబరు మీద పలికే ఉద్యోగులుంటే, ఆపదలో ఆఫీసు ఫోను ముట్టుకోవద్దని, తమ సెల్ నుంచి 108కో 112కో చేయమని గట్టిగా చెప్పండి.

108 అంటే గుర్తొచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై తర్వాత ఎన్నో రాష్ట్రాలకి పాకిన సేవ అది. మన నేల మీద పుట్టిందని చెప్పుకోవడం నాకు గర్వం. కానీ ఇక్కడికి వచ్చే మన అమ్మానాన్నల వేలు ఆపదలో ఆ అలవాటు నంబరు వైపే వెళ్తుంది. అందుకే షాపులోనూ ఇంట్లోనూ ఫోను పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక చీటీ అంటించండి: '911', దాని కింద ఆ చోటి అడ్రసు తెలుగు లిపిలో, చూసి చదివితే చాలు అన్నట్టు. ఆ చీటీ పిల్లల చేత రాయించండి. మన అక్షరాలు నేర్చుకోవడానికి ఇంతకన్నా పనికొచ్చే పాఠం ఉందా?

ఇంగ్లీషు రాని పెద్దలు ఇంకొక్క ముక్క నేర్చుకుంటే చాలు. చాలా 911 కేంద్రాలు ఫోను మీదే దుబాసీని కలుపుతాయి. 'ఇండియన్' అనో 'హిందీ' అనో అంటే వేరెవర్నో కలుపుతారు. 'తెలుగు' అని మన భాష పేరు స్పష్టంగా చెప్పమనండి, మొహమాటపడొద్దనండి.

ఆ తమ్ముడి షాపులో ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. దసరాకి ఆయుధపూజ చేసి త్రాసుకీ గల్లాపెట్టెకీ కంప్యూటర్‌కీ బొట్టు పెడతాం కదా, అప్పుడే ఫోన్లకీ పెట్టి ఒక్కోదాని నుంచి 933 నొక్కుతాం. పోయిన దసరాకి నొక్కింది కౌంటర్లోని ఆ అమ్మాయే. స్పీకర్లో ఫ్రిస్కో వీధి పేరు, సూట్ నంబరు వినిపిస్తుంటే, గోడ మీది చీటీలో ఒక్కో మాటా వేలుతో చూపిస్తూ సరిపోల్చుకుంది. నాలుగో ఫోను దాకా చేశాకే కొబ్బరికాయ కొట్టాం.