బందోబస్తు గుడి బయటా, గుంపు లోపలా

"ఇమ్యూనిటీ పెంచుకుంటే క్యాన్సర్ రాదు కదండీ?" కరోనా పోయి ఇన్నేళ్లయినా ఈ ప్రశ్న పోలేదు. తిప్పతీగ కషాయం తాగేవాళ్లూ, డబ్బా పొడులు కొనేవాళ్లూ అడిగేది ఇదే. ఒంట్లో రక్షణ కణాలకు కొదవేం లేదు. అవి ఎక్కడ ఉన్నాయన్నదే లెక్క. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఇది బాగా తేలింది.

అది తెల్లతోలు వాళ్ల జబ్బు అనుకోవద్దు. మన దగ్గర ఎక్కువగా అరికాలిలోనో, గోటి కిందో వస్తుంది. 1981లో గాయకుడు బాబ్ మార్లీని బలిగొన్నదీ కాలి వేలిలో మొదలైనదే. సిద్దిపేట చుట్టుపక్కల పొలాల్లో వట్టికాళ్లతో తిరిగే మనిషి అరికాలి నల్లమచ్చను ఆనె అనుకుంటాడు. జిల్లేడు పాలు పూస్తాడు, బ్లేడుతో తనే చెక్కుతాడు. డాక్టరు బయాప్సీ అంటే మాత్రం "కత్తి పెడితే పాకుతది" అంటాడు!

బయాప్సీలో తీసిన ముక్కకు రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే గోధుమ రంగు పొడి నిండిన పెద్ద పెద్ద క్యాన్సర్ కణాలు కనిపిస్తాయి. వాటి నడుమ చిన్నగా, గుండ్రంగా, ముదురు నీలంలో ఉండేవి లింఫోసైట్లు, అంటే రక్షణ కణాలు. కణితి చుట్టూ గుమిగూడినవి లెక్కకు రావు, క్యాన్సర్ కణాల మధ్యకు చొరబడినవే వస్తాయి. ఇటలీ పరిశోధకులు 1996లో ప్రచురించిన లెక్కల్లో, అవి దట్టంగా చొరబడిన రోగుల్లో అయిదేళ్లు బతికినవారు 77 శాతం, అక్కడక్కడా ఉంటే 53, అసలు లేకపోతే 37.

కొమురవెల్లి మల్లన్న జాతరలో పట్నం వారం నాటి రద్దీ చూశారా? కమాను దగ్గర వందమంది పోలీసులున్నా, దర్శనం లైన్లో జేబు కొట్టేవాణ్ని పట్టేది ఆ లైన్లో ఉన్న కానిస్టేబులే. దొంగ కూడా నుదుట బండారి పూసుకునే ఉంటాడు. చెయ్యి పట్టుకుంటే "సార్, నేను మీవాణ్నే" అంటాడు, కానిస్టేబులు వదిలేస్తాడు. క్యాన్సర్ కణం కూడా పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ చూపించి టి-కణం అనే లింఫోసైటు చేత ఇలాగే చెయ్యి వదిలిస్తుంది. ఆ మాయమాట టి-కణం చెవిన పడకుండా చేసేవే నివోలుమాబ్ లాంటి మందులు. టి-కణాలకు పడే ఇలాంటి అడ్డు తొలగించే దారి చూపినందుకే 2018లో శాస్త్రవేత్తలు ఆలిసన్, హోంజోలకు నోబెల్ వచ్చింది. అయితే లైన్లో కానిస్టేబులే లేకపోతే మందు ఎవర్ని మేల్కొలుపుతుంది?

మన అరికాలి మెలనోమాతో చిక్కు ఇక్కడే. దాని కణాల్లో జన్యు మార్పులు తక్కువ, అంటే టి-కణాలు గుర్తుపట్టే ఆనవాళ్లూ తక్కువే. అందుకే ఈ మందులు దానిమీద అంతగా పనిచేయవు, పైగా ఖరీదు. కణితిలోంచే టి-కణాలు తీసి, కోట్లలో పెంచి, తిరిగి ఎక్కించే చికిత్సకు అమెరికా 2024లో అనుమతిచ్చింది. అదింకా సామాన్యుడికి అందని సంగతి.

ఇంతా చెప్పినా, బయాప్సీ రిపోర్టులో ముందు చూడాల్సింది మచ్చ లోతు, మిల్లీమీటర్లలో. ఒక మిల్లీమీటరు లోపే పట్టుబడితే చాలామందికి కోసి తీసేయడంతోనే సరిపోతుంది.