చెవి కత్తిరించిన కుక్కలు

రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారుజామున క్వార్టర్లకు మరలు బొగ్గుగని కార్మికునికి మందమర్రి వీధులలో మొదట ఎదురగునవి కుక్కలే. అతని అడుగుల చప్పుడు ఎరిగినవి తోక ఆడించును. ఎరుగనివి మొరుగుచు వెంటబడును. వానిలో ఒకదానికి వెండ్రుకలు రాలి చర్మము ఏనుగు తోలువలె ముడుతలు పడియుండును. మరొకటి లారీ చక్రము క్రింద కాలు నలిగి మూడు కాళ్లపై కుంటుచుండును. మాంసపు దుకాణము వెనుక ఒక పిల్లి, కనులకు పుసులు గట్టిన తన కూనలను నాకుచుండును. ఇది సింగరేణి పట్టణములకే ప్రత్యేకమైన దృశ్యము కాదు. మన దేశమున ఏ ఊరికి పోయినను ఇట్టివి కానవచ్చును.

ఇట్టి మూగజీవములను పట్టి, మందులిచ్చి, కట్లు కట్టువారు కొందరు కలరు. వీరిలో ఎక్కువమంది జీతము లేని స్వచ్ఛంద సేవకులు. కొన్ని నగరములలో వీరు సంఘములుగా ఏర్పడినారు. మదరాసులో 1959లో కెప్టెన్ వి. సుందరం బ్లూ క్రాస్ సంస్థను నెలకొల్పెను. హైదరాబాదులో అదే పేరుగల వేరొక సంస్థను 1992లో నటి అక్కినేని అమల ప్రారంభించినది. విశాఖపట్టణములో 1996లో ఇట్టిదే ఒక సంఘము వెలసినది. మందమర్రి నుండి హైదరాబాదునకు రెండువందల కిలోమీటర్లకు మించిన దూరము. కనుక కాలు విరిగిన కుక్కను కాపాడగోరు చిన్న ఊరి యువకునికి సాధారణముగా దిక్కు దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలయే.

“మనుష్యులకే మందులు చాలనప్పుడు కుక్కలకెందుకు?” అని పెద్దలు అడుగుదురు. ప్రశ్న తోసివేయదగినది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని వీధి కుక్కలు కరచి చంపినవి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ గ్రామమున సుమారు ఇరువది కుక్కలను తుపాకితో కాల్చి చంపిరి. భయము, కోపము ఎంతవరకు పోగలవో ఈ రెండు సంఘటనలును చూపుచున్నవి. అయితే కుక్కకు చేయు వైద్యము మనుష్యుని కూడ కాపాడునా? దీనికి సమాధానము రేబీస్ వ్యాధి నడచు తీరులో ఉన్నది.

రేబీస్‌ను మనవారు పిచ్చికుక్క కాటు రోగమందురు. నీటిని చూచిన గొంతు బిగిసికొనిపోవుటచే దీనికి జలభీతి అనియు పేరు. రోగికుక్క చొంగలోని వైరస్ కాటు గాయముగుండా కండరములో చేరి, అచటి నాడుల చివరలు పట్టుకొని, నాడీతంతువుల వెంట దినమునకు కొన్ని మిల్లీమీటర్లు మొదలు కొన్ని సెంటీమీటర్ల వరకు మెదడువైపు ప్రాకును. అందుచేతనే కాలిపై కాటుకంటె ముఖముపై కాటు ప్రమాదకరము. పిల్లలు పొట్టివారు గనుక ముఖముపై కాటు వారికే ఎక్కువ. సాధారణముగా ఒకటి నుండి మూడు నెలలలో లక్షణములు కానవచ్చును. అవి కానవచ్చిన పిదప మరణము దాదాపు తప్పదు. ప్రపంచమున ఏటా సుమారు 59,000 మంది ఈ రోగముచే చనిపోవుచున్నట్లు అంచనా. మనుష్యులకు సోకు రేబీస్‌లో నూటికి 99 పాళ్లు కుక్కల వలననే.

వైరస్ మెదడును చేరుటకు పట్టు ఈ వ్యవధియే మనకు ఆధారము. 1885 జూలై 6న పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేసి బ్రతికించినది ఈ వ్యవధిలోనే. బొడ్డు చుట్టు పధ్నాలుగు సూదులు పొడిపించుకొన్న పెద్దలు నేటికిని కలరు. అవి గొఱ్ఱె మెదడునుండి తీసిన పాత టీకా సూదులు; మన దేశమున 2005 నాటికి వాని వాడుక నిలిచిపోయినది. ఇప్పుడు భుజముపై చర్మములో 0, 3, 7, 28 దినములలో సూదులు వేయుదురు. రక్తము వచ్చిన కాటునకు సిద్ధమైన ప్రతిరక్షకములను గాయములోనే ఎక్కింతురు. వీనికి ముందుగా గాయమును 15 నిమిషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడుగవలెను. వైరస్ పై పొర క్రొవ్వుతో కూడినది. సబ్బు దానిని చీల్చివేయును. కారము, సున్నము పూయుట వలన గాయము రేగుటయే గాని వైరస్‌కు నష్టములేదు.

ఇది కరచిన తరువాతి మాట. కరవక పూర్వమే కుక్కకు టీకా వేసినచో? ఒక ఊరి కుక్కలలో నూటికి 70కి టీకా వేసిన వైరస్ వ్యాప్తి ఆగిపోవునని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒక రోగికుక్క కరచు కుక్కలలో ఎక్కువ భాగము టీకా పొందినవే అగుటచే రోగపు గొలుసు తెగిపోవును. అయితే ఈ 70 నిలువదు. ఒక ఊరిలో 100 కుక్కలున్నవనియు, 70కి టీకా వేసిరనియు అనుకొందము. వీధికుక్క ఆయుస్సు కొద్ది. ఏడాదిలో 30 చనిపోయి, వాని స్థానమున 30 కూనలు వచ్చిన, టీకా పొందినవి 49 మాత్రమే మిగులును. ఆడుకుక్క గర్భము సుమారు 63 దినములు. ఒక ఈతలో నాలుగైదు కూనలు పుట్టుట సామాన్యము. అవి ఏడాది నిండునప్పటికి తామును ఈనగలవు. టీకా వేయుచేతులు ఈ కూనలను వెంబడింపలేవు. కనుకనే టీకాతో పాటు సంతాన నిరోధ శస్త్రచికిత్స అవసరమైనది. కుక్కలను చంపిన ఈ లెక్క మరింత చెడును: ఎంచక చంపిన 40 కుక్కలలో 28 టీకా పొందినవే యుండును! చెత్తకుప్ప అచటనే యుండుటచే ఖాళీ అయిన తావునకు టీకా లేని క్రొత్త కుక్కలు వచ్చి చేరును.

మదరాసు బ్లూ క్రాస్ ఈ పద్ధతిని 1964లోనే చేపట్టినది. కుక్కను వలతో పట్టి, మత్తుమందిచ్చి, ఆడుదానికి అండాశయములు, గర్భాశయము, మగదానికి వృషణములు తొలగింతురు. రేబీస్ టీకా వేసి, గుర్తునకై మత్తులోనుండగనే చెవి కొనను ఆంగ్ల ‘వి’ అక్షరమువలె కత్తిరింతురు. గాయము మానిన పిదప పట్టిన వీధిలోనే విడుతురు. 2001లో కేంద్ర ప్రభుత్వము ఇందుకు నిబంధనలు చేసినది. 2023లో వాని స్థానమున క్రొత్తవి వచ్చినవి. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు, రైల్వే స్టేషన్ల ఆవరణములనుండి పట్టిన కుక్కలను మాత్రము తిరిగి అచట విడువరాదని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించెను. జయపురములో 1994 నుండి 2002 వరకు ఈ పని శ్రద్ధగా నడచినది. ఆడుకుక్కలలో 65 శాతమునకు శస్త్రచికిత్స, టీకా జరిగినవి. కుక్కల సంఖ్య 28 శాతము తగ్గినది. పని జరిగిన ప్రాంతమున మనుష్యులలో రేబీస్ కేసులు సున్నకు దిగినవి. పది కుక్కలకు చేసి విడిచిపెట్టిన చోట ఇట్టి ఫలితము రాదు. జాలి మంచిదే కాని, ఇచట సంఖ్య, వేగము కూడ వలయును.

చికిత్సలలో విద్యార్థులకు వింత గొలుపునది ఒకటి కలదు. వీధికుక్కల జననాంగములపై కాలీఫ్లవరువలె పెరిగి రక్తము కారు కంతి సామాన్యము. ఇది ఒక క్యాన్సరు, అయినను అంటువ్యాధి! వైరస్ వలన కాదు. క్యాన్సరు కణములే కలయిక సమయమున ఒక కుక్కనుండి మరొకదానికి బదిలీయై పెరుగును. కొన్ని వేల ఏండ్ల క్రిందట ఏదో ఒక కుక్కలో పుట్టిన కణముల సంతతియే నేడు ప్రపంచమంతట వ్యాపించియున్నది. ఆ కుక్క ఏనాడో చచ్చినది, దాని కణములు చావలేదు. దీనికి వాడు మందు విన్‌క్రిస్టిన్. వారమునకొక సూదిచొప్పున కొన్ని వారములలో కంతి కరగిపోవును. ఈ మందు మన పెరటి బిళ్లగన్నేరు మొక్కనుండి తీసినది. కణము రెండుగా చీలునప్పుడు క్రోమోసోములను లాగు సన్నని నాళికలు ఏర్పడకుండ ఇది అడ్డుకొనును. అట్లని బిళ్లగన్నేరు ఆకు నూరి పూయరాదు. మోతాదు తప్పిన ఇది విషము.

పురుగులు పట్టిన పుండ్లు మరొక బాధ. ఈగ గాయముపై గ్రుడ్లు పెట్టగా, పిల్లపురుగులు బ్రతికియున్న మాంసమునే తినుచు లోనికి తొలుచును. సీతాఫలపు ఆకు నూరి పెట్టుట పల్లెలలో పాత వాడుక. ఆ ఆకులో కీటకములను చంపు పదార్థములున్న మాట నిజమే గాని, లోతైన పుండ్లలో పురుగులను పట్టుకారుతో ఒక్కొక్కటిగా తీయక తప్పదు. ఒంటి వెండ్రుకలు రాల్చు గజ్జి చూచుటకు భయంకరమైనను, పురుగును చంపు ఐవర్‌మెక్టిన్ వంటి మందులతో నెల, రెండు నెలలలో నయమగును.

పిల్లుల విషయమున జాలిపడి చేయు తప్పులు ఎక్కువ. జ్వరము వచ్చిన పిల్లికి ఇంటిలోని పారాసిటమాల్ బిళ్ల ఇచ్చిన అది చనిపోవచ్చును. మన కాలేయము ఆ మందును నిరపాయకరముగా మార్చి బయటకు పంపును. పిల్లి కాలేయమున ఆ పని చేయు ఎంజైము బహు స్వల్పము. మందు విషముగా మారి ఎఱ్ఱకణములను చెరుపగా, చిగుళ్లు నీలివన్నె తిరిగి ఊపిరాడదు. తల్లిలేని కూనలకు ఆవుపాలు పట్టిన విరేచనములై నీరసించును.

ఇట్టి పనికి దిగువారు కాటు తినకమునుపే 0, 7 దినములలోను, 21 లేక 28వ దినమునను టీకా వేయించుకొనవలెను. బాధలోనున్న కుక్క అన్నము పెట్టిన చేతినైనను కరచును. రేబీస్ వైరస్ లక్షణములకు కొన్ని దినములు ముందే చొంగలో చేరును గనుక, కుక్క చూపునుబట్టి ధైర్యపడరాదు.

సైన్సు ఉపాధ్యాయులు తరగతిచే ఒక చిన్న లెక్క తీయింపవచ్చును. విద్యార్థులు తమ తమ వీధుల కుక్కలను, తాకక, దూరమునుండియే లెక్కించి, చెవి కత్తిరించినవెన్ని, కత్తిరింపనివెన్ని, కూనలెన్ని అని పట్టికగా వ్రాయవచ్చును. ఇరువదింట పదునాలుగు చెవులు కత్తిరించినవైన 70 శాతము కుదిరినది. అయితే చెవి గుర్తు శస్త్రచికిత్స ఎప్పుడు జరిగినదో చెప్పదు. టీకా మాత్రము ఏటేట మరల వేయవలసినది. కనుక పట్టికను పశువైద్యశాలకు చూపునప్పుడు, ఆ వీధిలో చివరిసారి టీకా వేసిన తేది అడిగి ప్రక్కన వ్రాసికొనవలెను.