మత్తు తక్కువ, పరిమళం ఎక్కువ: ఇంటి బీరు విశేషాలు

757 లీటర్లు

మద్యనిషేధం ఎత్తేసిన తర్వాత కూడా అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడాన్ని ఫెడరల్ చట్టం చాలాకాలం ఒప్పుకోలేదు. 1978 అక్టోబరు 14న జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన బిల్లుతో ఆ అడ్డు తొలగింది. ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరు ఉంటే ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను కట్టకుండా కాచుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. అలబామా, మిసిసిపీ మాత్రం 2013 దాకా ఆగాయి. బ్రిటన్‌లో 1963 నుంచే ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా కాచడం నేరం. కాబట్టి కింద చెప్పే ముచ్చట్లన్నీ నేనుంటున్న వాషింగ్టన్ రాష్ట్రంలోని మా గ్యారేజీలో జరిగినవి.

రెండో నీళ్లు

కొబ్బరిపాలు తీసేటప్పుడు మొదటిపాలు, రెండోపాలు వేరువేరుగా పట్టుకుంటాం కదా. పాతకాలపు ఇంగ్లండ్‌లో బీరూ అలాగే కాచేవాళ్లు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని (దీన్నే మాల్ట్ అంటారు) వేడినీళ్లలో నానబెట్టి, తొలిసారి దించిన తియ్యటి నీళ్లతో ఘాటైన బీరు చేసేవాళ్లు. అవే గింజల మీద మళ్లీ నీళ్లు పోసి దించితే వచ్చేది ‘స్మాల్ బీర్’. పనివాళ్ల నుంచి పిల్లల దాకా ఇంటిల్లిపాదీ రోజూ తాగింది అదే.

జార్జ్ వాషింగ్టన్ 1757 నాటి తన నోటుపుస్తకంలో స్మాల్ బీర్ ఎలా చేయాలో రాసుకున్నాడు. తవుడు, రుచికి సరిపడా హాప్స్ (చేదునిచ్చే పూగుత్తులు) వేసి మూడు గంటలు మరిగించి, 30 గ్యాలన్లు వడకట్టి, అందులో 3 గ్యాలన్ల మొలాసిస్ కలపాలట. ఆ పుస్తకం ఇప్పుడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది.

పన్ను పెట్టిన రుచి

2011లో బ్రిటన్ 2.8 శాతం లోపు ఆల్కహాల్ ఉన్న బీర్లకు పన్ను తగ్గించింది. కాచేవాళ్లు ఆ గీత లోపల మంచి బీరు ఎలా తేవాలా అని తలలు బద్దలు కొట్టుకున్నారు. 2023లో ఆ గీతను 3.5 శాతం దగ్గరికి జరిపారు. పలచటి బీరుకు మళ్లీ గౌరవం తెచ్చినవాళ్లలో పన్నుల శాఖకూ వాటా ఉందని నా నమ్మకం.

గంజాయికి చుట్టం

బీరుకు చేదునూ వాసననూ ఇచ్చేది హాప్స్. ఇది గంజాయి కుటుంబానికే చెందిన తీగ, మత్తు మాత్రం దీనికి లేదు. ఆడ తీగ, మగ తీగ వేరుగా ఉంటాయి. బీరుకు పనికొచ్చేది ఆడ తీగ పూగుత్తులే. అమెరికా హాప్స్‌లో దాదాపు ముప్పావు వంతు మా రాష్ట్రంలోని యాకిమా లోయలో పండుతుంది. ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో కోతలు. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో కూడా దీన్ని పండించారు.

ఒక సెప్టెంబరులో యాకిమా వెళ్లాను. రైతు ఒక పూగుత్తిని నా అరచేతిలో పెట్టి, రెండు చేతులతో నలపమన్నాడు. రేకుల అడుగున పసుపు రంగు పొడి. పేరు లుపులిన్. అది జిగురుగా వేళ్లకు అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే వేసవి సెలవుల్లో మామిడికాయ తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొన గుర్తొచ్చింది. ఊహ కాదది. హాప్స్ నూనెలో ఎక్కువగా ఉండే మైర్సీన్ అనే పదార్థం మామిడిలోనూ, నిమ్మగడ్డిలోనూ ఉంది. సబ్బుతో రెండుసార్లు కడిగినా సాయంత్రం దాకా ఆ వాసన పోలేదు. పోవాలని నేనూ కోరుకోలేదు.

‘ఐ’ అంటే ఇండియా

హాప్స్ ఘుమఘుమలాడే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే బీరు పేరులో మొదటి అక్షరం ఇండియాదే. లండన్ నుంచీ, బర్టన్ నుంచీ మద్రాసు, కలకత్తా, బొంబాయిలకు ఓడల్లో వచ్చిన పేల్ ఏల్ పీపాల్లో అదనంగా హాప్స్ వేసేవాళ్లు. అయితే ‘ఈస్ట్ ఇండియా పేల్ ఏల్’ అన్న మాట అచ్చులో కనిపించిన తొలి చోట్లలో ఒకటి 1829 నాటి సిడ్నీ పత్రిక!

సగం చేస్తే సగం బీరు రాదు

మామూలు ఐపీఏ 20 లీటర్లకు దాదాపు 6 కిలోల మాల్ట్ పడుతుంది. నాకు కావాల్సింది 2.6 శాతం ఆల్కహాల్ ఉన్న పలచటి బీరే కదా అని తొలిసారి అన్నీ సగం చేసేశాను. వచ్చింది చూస్తే రంగు కడిగిన నీళ్లలా ఉంది, నాలుక మీద నిలవకుండా జారిపోతోంది, చివర్లో వగరు. ఆల్కహాల్ మత్తు మాత్రమే కాదు, చిక్కదనాన్నీ కాస్త తీపినీ ఇస్తుంది. అది తగ్గగానే చేదు ఒంటరిగా మిగిలి గొంతు పట్టుకుంటుంది. పలచటి చారులో మిరియాలు ఎక్కువైతే ఎలా ఉంటుందో అలా.

అప్పుడు తెలిసింది, ఇది పెద్ద బీరును పలచన చేయడం కాదని. కొత్తగా మొదలుపెట్టాలి.

ఆరు డిగ్రీల తేడా

మాల్ట్‌లోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైమ్‌లు ముఖ్యంగా రెండు. 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర చురుగ్గా ఉండే బీటా అమైలేజ్, ఈస్ట్ తేలిగ్గా తినగలిగే చక్కెరను చేస్తుంది. 68 నుంచి 72 దగ్గర ఆల్ఫా అమైలేజ్‌ది పైచేయి. అది విడిచిపెట్టే పొడవాటి డెక్స్‌ట్రిన్‌లను ఈస్ట్ తినలేదు, అవి బీరులోనే మిగిలి చిక్కదనం ఇస్తాయి. అందుకే 64 దగ్గర కాకుండా 70 దగ్గర నానబెడతాను. దీనికి తోడు విండ్సర్ రకం ఈస్ట్. దీనికి మాల్టోట్రయోస్ అనే చక్కెర పడదు, ముట్టుకోకుండా వదిలేస్తుంది. ఇంకో నాలుగు వందల గ్రాముల ఓట్స్ అటుకులు వేస్తే నోట్లో వెన్నలా జారే గుణం వస్తుంది.

సందు పేరు పెట్టుకున్న బార్లీ

గింజలు తక్కువైనప్పుడు ఒక్కో గింజకూ రుచి ఉండాలి. నేను వాడేది మారిస్ ఓటర్. 1960లలో కేంబ్రిడ్జి దగ్గరి మొక్కల పరిశోధన సంస్థలో పుట్టిన బార్లీ ఇది. ఆ సంస్థ ట్రంపింగ్టన్‌లోని మారిస్ లేన్ పక్కన ఉండేది. పేరులోని మారిస్ ఆ సందుదే.

పొయ్యి కట్టేశాక

హాప్స్‌లో చేదుకు కారణమైన ఆల్ఫా ఆమ్లాలు మరిగితేనే నీళ్లలో కలుస్తాయి. వాసననిచ్చే నూనెలు మరిగితే ఆవిరితో పోతాయి. ఈ రెంటికీ పడదు కాబట్టి, మరుగుతున్నప్పుడు చేదు కోసం 10 గ్రాముల హాప్స్ మాత్రం వేసి, పొయ్యి కట్టేసి 80 డిగ్రీలకు చల్లార్చాక సిట్రా, మోజాయిక్ రకాలు కలిపి 60 గ్రాములు వేస్తాను. అరగంట మూతపెట్టి ఉంచాలి. పోపు వేసి మూత పెట్టడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ తర్వాత ఈస్ట్ కూడా ఒక చెయ్యి వేస్తుంది. హాప్స్‌లో గులాబీ వాసననిచ్చే జెరానియాల్‌ను నిమ్మ తరహా వాసననిచ్చే సిట్రోనెలాల్‌గా మారుస్తుంది. కాచినవాళ్లు వేయని వాసన బీరులోకి వచ్చేది ఇలాగే.

పగిలిన సీసా

పులిసిన చల్లటి బీరులో హాప్స్ వేసి నానబెట్టడాన్ని డ్రై హాపింగ్ అంటారు. వాసనకు ఇంతకు మించిన దారి లేదు. నాకు దెబ్బ తగిలిందీ ఇక్కడే.

మూడో బ్యాచ్‌లో బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.012 చూపించింది. మొదలైంది 1.032 దగ్గర. తేడాను 131.25తో గుణిస్తే ఆల్కహాల్ 2.6 శాతం. లెక్క సరిపోయింది. హాప్స్ వేసి రెండు రోజులు ఉంచి, సీసాల్లో నింపి మూతలు బిగించాను. మూడో వారం ఒక రాత్రి మా ఆవిడ లేపింది. “ఏవండీ, గ్యారేజీలో ఏదో పగిలింది.” వెళ్లి చూస్తే అట్టపెట్టె అడుగు తడిసి ఉంది, ఒక సీసా మెడ గోడ దాకా ఎగిరిపడింది. పిల్లల సైకిళ్లు ఆ గోడకే ఆనించి ఉంటాయి. పగలైతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని మిగతావి ఒక్కొక్కటే తెరిచాను. నురగ కప్పు దాకా చిమ్మింది. మిగిలిన బీరు కొలిస్తే 1.008.

1.012 నుంచి 1.008కి పడిపోయిన ఆ నాలుగు పాయింట్లు ఎవరు తిన్నారు? జవాబు 1893లోనే అచ్చయింది. హొరేస్ బ్రౌన్, హారిస్ మారిస్ అనే ఇద్దరు ఇంగ్లిష్ రసాయనవేత్తలు హాప్స్‌లోనే పిండిని విరగ్గొట్టే ఎంజైమ్ ఉందని చూపించారు. ఆ తర్వాత చాలామంది దాన్ని మరిచిపోయారు. హాప్స్ దండిగా వేయడం మొదలయ్యాక ఈ తరంలో మళ్లీ తవ్వితీశారు. దీనికిప్పుడు ‘హాప్ క్రీప్’ అని పేరు. ఈస్ట్ తినలేదని నేను భరోసాగా మిగిల్చుకున్న డెక్స్‌ట్రిన్‌లను హాప్స్ ముక్కలు చేసి ఈస్ట్ నోటికి అందించాయి. సీసాలో నాలుగు పాయింట్లు అదనంగా పులిస్తే గ్యాస్ దాదాపు రెట్టింపవుతుంది. పెద్ద బీరులో ఇది చిన్న తేడా. చిక్కదనం కోసమే డెక్స్‌ట్రిన్‌ల మీద ఆధారపడ్డ పలచటి బీరులో ఇది ఇంటిదొంగ.

ఇప్పుడు వాసనలో ఎక్కువ భాగాన్ని 80 డిగ్రీల దగ్గరే రాబడతాను. ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. డ్రై హాపింగ్ చేశాక హైడ్రోమీటర్ వరసగా మూడు రోజులు ఒకే అంకె చూపిస్తే తప్ప సీసా ముట్టుకోను.

లీటరుకు ఎనిమిది

హాప్స్ ఎంత వేస్తే అంత వాసన అనుకుంటాం. లీటరుకు 8 గ్రాములు దాటితే వాసన అంతగా పెరగదని 2018లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. పలచటి బీరులో నాకు నాలుగు చాలు. ఆరు వేస్తే ఆకు నమిలినట్టుంది.

సున్నా దగ్గర ప్రమాదం

అర శాతం ఆల్కహాల్ బీరు ఇంట్లో చేద్దామని ఉత్సాహపడేవాళ్లకు ఒక హెచ్చరిక. బీరును కాపాడేవి ఆల్కహాల్, పులుపు, హాప్స్ చేదు, గ్యాస్, ఈస్ట్ తినేయగా మిగిలిన తిండి తక్కువ కావడం. ఆల్కహాల్ దాదాపు లేకపోయి, తీపి మిగిలిపోయి, పులుపు చాలకపోతే రోగకారక సూక్ష్మజీవులు అందులో బతకగలవు. పీహెచ్ కొలవకుండా, పాశ్చరైజ్ చేయకుండా ఆ బీరు నిల్వచేయకూడదు. నేను రెండున్నర శాతం దగ్గర ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం.

కుక్క ఉన్న ఇల్లు

వాడేసిన హాప్స్ పిప్పి కుక్కలకు విషం. తింటే ఒంటి వేడి అదుపు తప్పి ప్రాణం మీదికి వస్తుంది. పెరట్లో ఎరువుగుంటలో వేసేముందు పక్కింటి కుక్క సంగతి కూడా ఆలోచించాలి.

ఎండలో గ్లాసు

హాప్స్ చేదు పదార్థాల మీద వెలుతురు పడితే అవి విరిగి, గంధకం కలిసిన ఒక పదార్థం పుడుతుంది. దాని వాసన స్కంక్ అనే జంతువు చిమ్మే ద్రవాన్ని గుర్తుచేస్తుంది. లీటరులో నానోగ్రాముల్లో ఉన్నా ముక్కు పసిగడుతుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతగా ఆపదు. జులైలో మా వరండాలో అందరికీ పోసిన తొమ్మిదో బ్యాచ్ మామిడి సొన వాసనతో ఘుమఘుమలాడింది. నాది మాత్రం మాటల్లో పడి ఎండలో పెట్టి మరిచాను. పావుగంట తర్వాత ఒక గుక్క తాగి, గ్లాసు కడుక్కుని, నీడలో కూర్చుని మళ్లీ పోసుకున్నాను.