పసితనపు భయం, పెద్దయ్యాక రోగం

'పసివాళ్లకేం తెలుసు, నాలుగు రోజులు పోతే వారే మరచిపోతారు' అని మనం తేలికగా అనేస్తాము. ఆపద వచ్చినప్పుడు పిల్లల అన్నం, బట్ట, గూడు చూస్తాము కాని వారి భయాన్ని పట్టించుకోము. ఆ భయం కూడా ఆరోగ్య సమస్యేనని వైద్యశాస్త్రం చెబుతోంది.

మన పొరుగునే చూద్దాం. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, ఇరుపక్షాల తుపాకుల మధ్య నలిగిన ఆదివాసీ కుటుంబాలు వేల సంఖ్యలో సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు చేరాయి. భద్రాచలం, చర్ల పరిసరాలలో గుడిసెలు వేసుకున్న వీరిని గుత్తికోయలని పిలుస్తున్నాము. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి పోరుకు దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే కాలిన ఊళ్లను విడిచి వచ్చిన పిల్లల బాల్యాన్ని ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు. కొత్తచోట గుడిసె నిలుస్తుందో లేదో తెలియదు. బడిలో చెప్పే తెలుగు వారి ఇంటి భాష కాదు. ఆనాటి పసివారు నేడు తల్లిదండ్రులయ్యారు.

అపాయం ఎదురైనప్పుడు శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. అపాయం తొలగితే అంతా సర్దుకుంటుంది. కాని భయం ఏళ్ల తరబడి వదలకపోతే నిద్ర, జ్ఞాపకశక్తి, రోగనిరోధక శక్తి దెబ్బతింటాయి.

ఇది యుద్ధం చూసిన పిల్లలకే పరిమితం కాదు. 1998లో అమెరికా వైద్యులు ఫెలిట్టి, ఆండా తమ సహచరులతో ప్రచురించిన అధ్యయనం ఇంటి లోపలి కష్టాలనే పరిశీలించింది. పిల్లలను కొట్టడం, అవమానించడం, తల్లిపై హింస, ఇంట్లో తాగుడు వంటివి నాలుగు రకాలు, అంతకు మించి అనుభవించిన వారిలో మద్యపాన వ్యసనం, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నాల ముప్పు 4 నుండి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది. గుండెజబ్బులకూ ఇటువంటి బాల్యానికీ సంబంధం ఉన్నట్లు తేలింది. కనుక మనం మన గడప లోపలికీ చూసుకోవాలి.

ముప్పు ఉన్నంత మాత్రాన రోగం తప్పదని కాదు. నిలకడగా ప్రేమించే పెద్దదిక్కు ఒక్కరున్నా పిల్లలు కోలుకోగలరు. దైవప్రవక్త ముహమ్మద్ (స) పుట్టకముందే తండ్రిని, ఆరవ ఏట తల్లిని, ఎనిమిదవ ఏట తాతను కోల్పోయారు. ప్రతిసారీ మరొకరు అక్కున చేర్చుకున్నారు: తల్లి తరువాత తాత అబ్దుల్ ముత్తలిబ్, ఆయన తరువాత తండ్రి సోదరుడు అబూ తాలిబ్. అనాథను ఆదరించడం మనకు దయ మాత్రమే కాదు, బాధ్యత.

కారణం తెలియని కడుపునొప్పి, పక్క తడపడం, ఉలికిపాటు, హఠాత్తుగా మౌనం కనిపిస్తే తిట్టవద్దు. జరిగినదంతా చెప్పమని బలవంతం చేయకుండా, చెప్పినప్పుడు ఓపికగా విందాం. వేళకు భోజనం, నిద్ర, బడి ఉండేలా చూద్దాం. భయం వారాల తరబడి తగ్గకపోతే వైద్యునికి చూపిద్దాం. టెలీ మానస్ 14416 నెంబరులో మానసిక సలహా ఉచితంగా లభిస్తుంది. ఆపదలో ఉన్న బాలల కోసం 1098 ఉంది.

వరదలోనో, వలసలోనో సర్వం కోల్పోయిన కుటుంబానికి బియ్యం, దుప్పట్లు అందించడం మన మస్జిద్ కమిటీలకు అలవాటైన సేవే. ఆ మూట అప్పగించి వెనుదిరగకుండా, వారంవారం వెళ్లి ఆ ఇంటి పిల్లలను పేరుపెట్టి పలకరించే మనిషిని కూడా నియమిద్దాం. ఆ పిల్లలు ఏ మతం వారైనా, ఏ భాష మాట్లాడినా మన పొరుగువారే.